ఇనెఫబుల్: మాటలకు అందనిదాన్ని చెప్పే మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇనెఫబుల్ అంటే ఏమిటి?

మాటల్లో చెప్పడానికి వీలుకానిది అని అర్థం. ఇది ఇంగ్లిషు విశేషణం. ఒక ఆనందమో, అందమో, దుఃఖమో, దైవానుభవమో మన భాషాశక్తిని మించిపోయినప్పుడు దానికి ముందు ఈ మాట చేరుస్తారు. నిఘంటువులు ఇంతటితో ఆగిపోతాయి. వాడుకలో మరో షరతు కూడా ఉంది. ఆ విషయం గొప్పదై ఉండాలి, లేదా లోతైనదై ఉండాలి. మనకు పేరు తెలియని ప్రతి చిన్న వస్తువునూ ఇనెఫబుల్ అనరు.

ఎలా పలకాలి?

ఇన్-ఎఫ్-అ-బుల్. ఊనిక రెండో అక్షరం మీద, అంటే ‘ఎఫ్’ మీద పడాలి. ‘ఇనీఫేబుల్’ అని సాగదీయకూడదు. ‘ఫేబుల్’ అనే మాట దీనికి చుట్టమే అయినా ఇక్కడ ఆ ‘ఫే’ వినిపించదు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్‌లో ‘ఫారీ’ అంటే మాట్లాడటం. దానికి ‘బయటికి’ అనే అర్థమిచ్చే ఉపసర్గ చేరితే ‘ఎఫారీ’, అంటే నోరు విప్పి చెప్పడం. చెప్పదగినది ‘ఎఫాబిలిస్’, చెప్పలేనిది ‘ఇనెఫాబిలిస్’. అది ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్ది చివరి భాగంలో ఇంగ్లిషులోకి వచ్చింది.

ఈ ‘ఫారీ’ సంతానం చాలా పెద్దది. నీతికథ ‘ఫేబుల్’, కీర్తి ‘ఫేమ్’, పుస్తకానికి ముందుమాట ‘ప్రిఫేస్’, ఎవరితోనైనా కలుపుగోలుగా మాట్లాడే మనిషిని చెప్పే ‘ఆఫబుల్’ అన్నీ ఈ వంశానివే. విధి అనే అర్థంలో వాడే ‘ఫేట్’ కూడా మొదట ‘పలికినది’ అనే మాటే. దేవతల నోట వెలువడినది అని భావం. చంటిబిడ్డను చెప్పే ‘ఇన్ఫెంట్’ అంటే అక్షరాలా ‘మాటలు రానిది’. మరీ లోతుకు వెళితే గొంతు, ధ్వని అనే అర్థమున్న గ్రీకు ‘ఫోనే’ కూడా ఇదే ఆదిధాతువు నుంచి పుట్టిందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. మన చేతిలోని ఫోను పేరు అక్కడిదే. సంస్కృతంలో ‘భణతి’, అంటే పలుకుతున్నాడు అనే క్రియను కూడా ఈ కుటుంబంలోనే లెక్కిస్తారు. చెప్పడానికి వీలుకాదనే మాటకు చుట్టూ ఉన్న బంధువర్గమంతా మాట్లాడేవాళ్ళే కావడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగిస్తుంది.

చెప్పలేనిది అనే అర్థం ఒక్కటేనా?

ఇంకోటి ఉంది. చెప్పకూడనిది, ఉచ్చరించరానిది అనే అర్థం. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ యూదు సంప్రదాయంలోని దైవనామం. హీబ్రూలో యోద్, హే, వావ్, హే అనే నాలుగు అక్షరాలతో రాసే ఆ పేరును భక్తులు చదివేటప్పుడు పైకి పలకరు. దాని బదులు ‘ప్రభువు’ అనే అర్థమున్న ‘అదోనాయ్’ అంటారు. మామూలు సంభాషణలో అయితే ‘ఆ పేరు’ అనే అర్థంలో ‘హాషెమ్’ అంటారు. ఆ నామాన్ని ఇంగ్లిషులో ఇనెఫబుల్ నేమ్ అని వ్యవహరిస్తారు. పలకడం చేతకాక కాదు, పవిత్రత వల్ల పలకకపోవడం.

ఈ రెండో అర్థం ఒక్కోసారి మర్యాద మాటున కూడా దాక్కుంది. 19వ శతాబ్దపు ఇంగ్లండులో పెద్దమనుషుల ఎదుట ప్యాంటు పేరెత్తడం సభ్యత కాదనుకునేవారు. అందుకని వాటిని ‘ఇనెఫబుల్స్’ అన్నారు. ‘ఇనెక్స్‌ప్రెసిబుల్స్’, ‘అన్‌మెన్షనబుల్స్’ అనే పేర్లూ నడిచాయి. ఇప్పుడు ఆ వాడుక పాత పుస్తకాల్లోనే కనిపిస్తుంది.

తెలుగువాళ్ళకు ఈ రెండు అర్థాలూ కలిసి ఉండటం వింతేమీ కాదు. ‘చెప్పలేని’ వేరు, ‘చెప్పకూడని’ వేరు. కానీ ‘చెప్పరాని’ అనే మాట రెండింటినీ మోస్తుంది. ‘చెప్పరాని బాధ’ అన్నప్పుడు మాటలు చాలవు. ‘పదిమందిలో చెప్పరాని సంగతి’ అన్నప్పుడు మాటలున్నా మర్యాద అడ్డొస్తుంది. ఇనెఫబుల్ నడక సరిగ్గా ఇదే.

అన్‌స్పీకబుల్, ఇండిస్క్రైబబుల్, ఇనెక్స్‌ప్రెసిబుల్ కూడా ఇవే కదా? తేడా ఏమిటి?

నిఘంటువులో ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి గాని, వాక్యంలో ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు.

‘అన్‌స్పీకబుల్’ ఇవాళ దాదాపుగా ఘోరాలకే పరిమితమైంది. మారణకాండ, చిత్రహింస, క్రూరత్వం వంటి వాటికి ముందు వస్తుంది. ఎప్పుడూ ఇలాగే లేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో దేవుడిచ్చిన వరానికి, భక్తుల ఆనందానికి కూడా ఈ విశేషణమే వాడారు. ఇప్పటి అనువాదాలు అదే చోట ‘ఇండిస్క్రైబబుల్’ అనో ‘ఇనెక్స్‌ప్రెసిబుల్’ అనో రాస్తున్నాయి. నాలుగు శతాబ్దాల్లో ఒక మాట వెలుగు వైపు నుంచి చీకటి వైపుకు జరిగిపోయిందన్నమాట.

‘ఇండిస్క్రైబబుల్’ సాదాసీదా మాట. మంచికీ చెడుకీ, రుచికీ రద్దీకీ దేనికైనా సరిపోతుంది. ‘ఇనెక్స్‌ప్రెసిబుల్’ మనసులో ఉన్నది పైకి రావడం లేదనే బాధ వైపు మొగ్గుతుంది. విషయం కన్నా చెప్పేవాడి మీద దృష్టి ఎక్కువ. ఇనెఫబుల్‌లో మాత్రం భక్తి పరిమళం ఉంది. చర్చిలో, తత్త్వశాస్త్రంలో, కవిత్వంలో పెరిగిన మాట కాబట్టి అది వచ్చిన చోట వాక్యం స్వరం పెరుగుతుంది.

ఇనెక్స్‌ప్లికబుల్‌ బదులు దీన్ని వాడవచ్చా?

వద్దు. అది కారణం దొరకనిదాన్ని చెబుతుంది. తాళం వేసిన గదిలోంచి ఒక కాగితం మాయమైతే అది ఇనెక్స్‌ప్లికబుల్. ఏం జరిగిందో చక్కగా చెప్పగలం, ఎందుకు జరిగిందో చెప్పలేం. ఇనెఫబుల్‌లో కారణం తెలిసినా సరే, అనుభవాన్ని చెప్పలేం. తొలిసారి తల్లి అయిన మనిషి ఆనందానికి కారణం అందరికీ తెలుసు.

తెలుగులో దీనికి సరైన మాట ఏది?

ఒక్క మాట చెప్పమంటే ‘అనిర్వచనీయం’ అని చాలామంది అంటారు. తప్పు కాదు. కానీ అనువాదకులు ప్రతిచోటా దాన్నే పెట్టడం చూస్తే మనకున్న సంపద వాడుకోవడం లేదనిపిస్తుంది.

‘వర్ణనాతీతం’ ఉంది. వర్ణనకు అతీతం కాబట్టి వ్యుత్పత్తిని బట్టి ఇనెఫబుల్‌కు దగ్గరే. అయితే పత్రికల్లో ఎక్కువగా ఎక్కడ కనిపిస్తుందో గమనించండి: ‘వరద బాధితుల కష్టాలు వర్ణనాతీతం’. దశాబ్దాల ఈ వాడుక వల్ల దానికి కష్టాల తోడు గట్టిపడింది. అందానికి వాడకూడదని కాదు. ఆ తోడు సంగతి తెలిసి వాడాలి.

‘వాచామగోచరం’ ఉంది. వాక్కులకు గోచరం కానిది అని అర్థం. దైవమహిమ విషయంలో దీన్ని మించిన మాట నాకు కనిపించదు. త్యాగరాజస్వామి కైకవశి రాగ కీర్తన ఈ మాటతోనే మొదలవుతుంది. ఆ వెంటనే రాముడి మహిమను వర్ణించడం తరమా అని మనసునే అడుగుతుంది. పండితుల మాటా ఇంట్లో మాటా ఒకే పల్లవిలో భుజం భుజం కలిపి నిలబడతాయి.

‘అవాచ్యం’ ఉంది. ఇది జాగ్రత్తగా తాకవలసిన మాట. సంస్కృతంలో పలకడానికి వీలుకానిది అనే అర్థమున్నా, తెలుగులో ‘అవాచ్యాలు పలికాడు’ అంటే బూతులు తిట్టాడనే. దైవానుభవానికి దీన్ని వాడితే పాఠకుడు ఉలిక్కిపడతాడు.

వీటన్నిటికన్నా పని చేసేవి అచ్చమైన పలుకుబళ్ళు. మాటలకందని, మాటల్లో చెప్పలేని, చెప్పనలవి కాని, ఇంతా అంతా అని చెప్పలేని, పొగడటానికి వేయి నోళ్ళు చాలని. ఒక నవలలో వృద్ధురాలు మనవరాలిని చూసి పొందిన ఆనందం ఇంగ్లిషులో ఇనెఫబుల్ అని ఉందనుకోండి. ‘ఆమె అనిర్వచనీయమైన ఆనందాన్ని పొందింది’ అంటే అర్థం చేరుతుంది గాని ముసలమ్మ కనిపించదు. ‘ఆవిడ ఆనందం ఇంతా అంతా కాదు’ అంటే మనిషి కనిపిస్తుంది గాని ఇంగ్లిషు మాటలోని గాంభీర్యం పోతుంది. ‘ఆవిడ ఆనందం మాటలకందనిది’ అన్నప్పుడు రెండూ నిలుస్తాయి. నేనైతే ఇదే ఎంచుకుంటాను.

శాస్త్రగ్రంథాల్లో అనిర్వచనీయం అంటే వేరే అర్థం ఉందంటారు. నిజమేనా?

నిజమే, ఇది తెలుసుకోకుండా తత్త్వగ్రంథాలను అనువదించకూడదు. అద్వైతంలో అనిర్వచనీయం అనేది పారిభాషిక పదం. మసకవెలుతురులో తాడును చూసి పాము అనుకున్నాం. ఆ పాము ఉన్నదా? దీపం తేగానే లేకుండా పోయింది కనుక ఉన్నదనలేం. బొత్తిగా లేనిదా? లేనిది కనిపించదు, భయపెట్టదు. ఉన్నదనీ లేనిదనీ తేల్చి నిర్వచించడానికి వీలుకానిది కాబట్టి అది అనిర్వచనీయం. మాయను, అవిద్యను ఈ మాటతో చెబుతారు.

గమనించవలసిందేమిటంటే, ఇక్కడ గొప్పతనం ఊసే లేదు. బ్రహ్మం మాటలకు అందకపోవడం వేరు, మాయ నిర్వచనానికి లొంగకపోవడం వేరు. అద్వైత సందర్భంలో ఇంగ్లిషు రచయిత బ్రహ్మాన్ని ఇనెఫబుల్ అంటే తెలుగులో ‘వాచామగోచరం’ అనాలి. ‘అనిర్వచనీయ బ్రహ్మం’ అని రాస్తే శాస్త్రం తెలిసిన పాఠకుడికి బ్రహ్మాన్ని మాయ వరుసలో కూర్చోబెట్టినట్టు వినిపిస్తుంది.

భక్తి గ్రంథాల్లో సంగతి మారుతుంది. నారద భక్తిసూత్రాల్లో ‘అనిర్వచనీయం ప్రేమస్వరూపం’ అని ఒక సూత్రం. ఆ వెంటనే ‘మూకాస్వాదనవత్’ అని ఇంకోటి: మూగవాడు రుచి చూసినట్టు. ఇక్కడ అనిర్వచనీయం పూర్తిగా ఇనెఫబుల్ అర్థంలోనే ఉంది. రుచి నాలుకకు తెలుసు, చెప్పడానికి మాట లేదు.

మాటల్లో చెప్పలేం అని మాటల్లోనే చెబుతున్నాం కదా! ఇది విరుద్ధం కాదా?

చాలా పాత ప్రశ్న, చాలా మంచి ప్రశ్న. సుమారు 5వ శతాబ్దికి చెందిన వ్యాకరణ దార్శనికుడు భర్తృహరి వాక్యపదీయంలో దీన్ని సూటిగా పట్టుకున్నాడు: ఒకదాన్ని ‘అవాచ్యం’ అనే మాటతో చెప్పామంటే, ఆ మాట దాన్ని చెప్పినట్టే కదా, ఇక అది వాచ్యమే అయిపోయింది. క్రైస్తవ తాత్త్వికుడు అగస్టీన్ కూడా ఇలాంటి చిక్కునే ఎదుర్కొన్నాడు. దేవుణ్ణి ఇనెఫబుల్ అనడం కూడా కుదరదు, ఎందుకంటే అలా అన్నా ఏదో చెప్పినట్టే అవుతుంది అన్నాడు. ఈ మాటల పోరును వాదనతో తీర్చడం కన్నా మౌనంతో తప్పించుకోవడం మేలని ఆయన సలహా.

నాకు కనిపించే సమాధానం కొంచెం వేరు. ఫలానా చోట దారి ఆగిపోయింది అని చెప్పడం ఆ దారి అవతల ఏముందో వర్ణించడం కాదు. ఇనెఫబుల్ అనే మాట విషయాన్ని వర్ణించదు; మన వర్ణన ఎక్కడ ఆగిందో చూపిస్తుంది. ఆ మేరకు అది నిజాయితీగల మాట.

ఆధ్యాత్మిక అనుభవాల చర్చలో ఈ మాట తరచుగా ఎందుకు వస్తుంది?

అమెరికన్ మనస్తత్వవేత్త, తాత్త్వికుడు విలియం జేమ్స్ ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాలు 1902లో గ్రంథంగా వచ్చాయి. మార్మిక అనుభవాలను గుర్తుపట్టడానికి అందులో ఆయన నాలుగు లక్షణాలు చెప్పాడు. మొదటిదే ఇనెఫబిలిటీ: అనుభవించినవాడు అది మాటలకు లొంగదని వెంటనే అంటాడు. మిగిలినవి ఏదో జ్ఞానం కలిగిందన్న నమ్మకం, ఎక్కువసేపు నిలవకపోవడం, తన ప్రమేయం లేకుండా జరగడం. ఆ తర్వాత ఈ రంగంలో రాసినవాళ్ళలో చాలామంది ఆయన మాటను తీసుకుని సమర్థించడమో, ఖండించడమో చేశారు.

తాత్త్వికుడు విట్గెన్‌స్టైన్ 1921లో ప్రచురించిన గ్రంథంలో మాటల్లో పెట్టలేనిది నిశ్చయంగా ఉందని, అది తనను తాను కనబరుచుకుంటుందని రాశాడు. దేని గురించి మాట్లాడలేమో దాని గురించి మౌనంగా ఉండాలన్న వాక్యంతో ఆ గ్రంథం ముగుస్తుంది.

మనకు బాగా పరిచయమైన వాక్యం తైత్తిరీయోపనిషత్తులోది: ‘యతో వాచో నివర్తంతే అప్రాప్య మనసా సహ’. మాటలు మనసుతో కలిసి వెళ్ళి, అందుకోలేక, వెనక్కి వస్తాయి. ఈ వాక్యం విడిగా చాలా చోట్ల ఉటంకిస్తారు గాని, దాని ముందు ఏముందో చూడటం చాలా ముఖ్యం. బ్రహ్మానందవల్లిలో రెండోసారి ఈ వాక్యం రావడానికి కాస్త ముందు ఆనందాన్ని లెక్కగట్టే ప్రయత్నం ఉంది. యువకుడు, సజ్జనుడు, చదువుకున్నవాడు, దృఢగాత్రుడు, సంపదతో నిండిన ఈ భూమి అంతా అతనిదే అనుకుందాం. అతని ఆనందం ఒక కొలత. దానికి నూరు రెట్లు మనుష్యగంధర్వుల ఆనందం, దానికి నూరు రెట్లు దేవగంధర్వులది. అలా పితృదేవతలు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి దాకా నూరేసి రెట్లు చొప్పున ఎక్కుతూ బ్రహ్మానందం వరకు వెళుతుంది. అంత లెక్క వేసిన తర్వాతే మాటలు వెనుదిరిగాయని చెప్పింది. వెళ్ళని మాటలు వెనక్కి రావు. ఇనెఫబుల్ అనే మాటను వాడే హక్కు ఎలా వస్తుందో ఇంతకన్నా స్పష్టంగా చూపించిన చోటు నాకు తెలియదు.

నిజంగానే మాటలకు అందనివి ఉన్నాయా, లేక మన భాషలో వాటికి మాటలు లేవా?

రెండూ ఉన్నాయి, వాటిని విడదీసి చూడాలి. మలయా ద్వీపకల్పంలో జహాయ్ అనే వేటాడి, సేకరించి జీవించే జనం ఉన్నారు. వాళ్ళ భాషలో వాసనలకే ప్రత్యేకమైన మాటలున్నాయి, మనకు రంగుల పేర్లు ఉన్నట్టు. 2014లో ప్రచురితమైన ఒక పరిశోధనలో జహాయ్ భాషీయులూ ఇంగ్లిషు భాషీయులూ ఒకే వాసనలు చూసి పేర్లు చెప్పారు. ఇంగ్లిషువాళ్ళు తడబడుతూ ‘ఫలానా వస్తువులా ఉంది’ అని పోల్చారు. జహాయ్‌లు రంగులను చెప్పినంత తేలిగ్గా వాసనలను చెప్పగలిగారు. వాసన మాటలకు అందదని ఎందరో రాసిందంతా వాసన స్వభావం కాదు, వాళ్ళ భాషల స్వభావం.

నొప్పి సంగతీ అంతే. రోగి ‘చెప్పలేనంత నొప్పి’ అంటే వైద్యుడికి దారి దొరకదు. కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ మెల్‌జాక్ 1975లో ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. నొప్పిని చెప్పే 78 మాటలను 20 వర్గాలుగా అమర్చాడు. మన భాషలోనూ పోటు, సలుపు, మంట, తీపు, గుంజుడు, పొడిచినట్టు, కోసినట్టు అని ఎన్నో ఉన్నాయి. మాటలు ముందు పెడితే, చెప్పలేనన్న మనిషి చాలావరకు చెప్పగలుగుతాడు.

ఇంత చేసినా మిగిలేది ఉంటుంది. కాఫీ సువాసనను వర్ణించండి, ఎందుకు చేతకావడం లేదు, మాటలు లేకా అని విట్గెన్‌స్టైన్ తర్వాతి కాలపు రచనలో అడిగాడు. ఎన్ని మాటలు పోగేసినా ఆ వాసన ఎన్నడూ చూడనివాడి ముక్కుకు అది చేరదు. ఆ మిగిలినదానికి ఇనెఫబుల్ తగిన పేరు.

వాక్యంలో ఎలా వాడాలి? ఇతర రూపాలేమైనా ఉన్నాయా?

విశేషణంగా నామవాచకానికి ముందు వస్తుంది: ఇనెఫబుల్ జాయ్, ఇనెఫబుల్ బ్యూటీ. క్రియావిశేషణం ‘ఇనెఫబ్లీ’. ఆ గుణానికి పేరు ‘ఇనెఫబిలిటీ’. ముందు ‘ది’ చేర్చి నామవాచకంగా వాడితే మాటలకందని ఆ తత్త్వమే అని భావం. తాత్త్విక రచనల్లో ఇది మామూలు.

‘వెరీ’ చేర్చకండి. మాటలకు అందనిదంటే అందనిదే, అందులో ఎక్కువ తక్కువలు నప్పవు. ‘ఆల్మోస్ట్’ మాత్రం నప్పుతుంది, అందీ అందకుండా ఉన్నదాన్ని చెప్పడానికి.

ఎక్కడ వాడకూడదు?

నాలుక చివర ఉండి గుర్తుకు రాని పేరుకు వద్దు. రహస్యానికి వద్దు. కష్టమైన గణితానికి వద్దు. అది అర్థం కానిది, మాటలకందనిది కాదు. ‘ఇనెఫెక్టివ్’, అంటే ఫలితమివ్వని అనే మాటతో కలిసిపోకుండా చూసుకోండి. రాతలో మొదటి అక్షరాలు ఒకటే కావడంతో ఈ పొరపాటు జరుగుతుంటుంది.

దుఃఖానికి వాడవచ్చా?

నిస్సందేహంగా. ఇనెఫబుల్ సాడ్‌నెస్ అనే ప్రయోగం సాహిత్యంలో ఉంది. గాఢమైన, నిశ్శబ్దమైన విషాదానికి బాగుంటుంది. మనుషులు మనుషులకు చేసిన ఘోరాలకు మాత్రం వద్దు. ఈ మాటలోని పవిత్రభావం ఆ ఘోరానికి ఒక గౌరవం తగిలించినట్టవుతుంది. అక్కడ అన్‌స్పీకబుల్ ఉంది, తెలుగులో ‘నోటితో చెప్పరాని’ ఉంది.

రచనలో ఈ మాటను బలంగా వాడాలంటే ఏం చేయాలి?

చివరిదాకా దాచుకోవాలి. ఒకరు పాటకచేరీ గురించి ‘అది ఇనెఫబుల్ అనుభవం’ అని ఒక్క వాక్యం రాశారనుకోండి. పాఠకుడికి ఏమీ అందలేదు. వర్ణించే శ్రమ తప్పించుకున్నారనే అనిపిస్తుంది. ఇప్పుడు ఇలా రాసి చూడండి: ‘ఆవిడ ఆఖరి స్వరాన్ని అంతకంతకూ సన్నం చేస్తూ పోయారు. ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియలేదు. చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు. పక్క కుర్చీలో ఉన్నాయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.’ దీని తర్వాత మాటలకందని అనుభవం అన్నారంటే పాఠకుడు నమ్ముతాడు. చెప్పగలిగినదంతా చెప్పారు కాబట్టి, మిగిలింది నిజంగానే చెప్పలేనిదని అతనికి తెలుసు. ఒక్కోసారి అసలు ఆ మాట రాయనక్కరలేదని కూడా తేలుతుంది. అప్పుడు కొట్టేయండి.

దీనికి వ్యతిరేక పదం ఉందా?

ఉంది. ‘ఎఫబుల్’. మాటల్లో చెప్పగలిగినది అని అర్థం. నిఘంటువుల్లో ఉన్నా మాట్లాడేవాళ్ళ నోట దాదాపు వినిపించదు. కవి టి. ఎస్. ఎలియట్ 1939లో పిల్లుల మీద వెలువరించిన పద్యసంపుటిలో, పిల్లి తన రహస్యనామాన్ని తలుచుకుంటూ కూర్చునే చోట, ఇనెఫబుల్ పక్కనే ఎఫబుల్‌ను నిలబెట్టి, ఆ రెండింటినీ కలిపి ఒక కొత్త మాట కూడా కల్పించాడు. అక్కడ తప్ప ఎఫబుల్‌ను చూడని ఇంగ్లిషు పాఠకులు చాలామందే ఉంటారు.